చాలమ్మ మడి

ఏదీ, ఆ మూల మడా? అది మాత్రం అడక్కమ్మా. గేటు పక్కన ఖాళీవి ఉన్నాయి, ఎండ కూడా బాగా పడుతుంది, ఇంకో మడి కావాలంటే ఇవాళే తాడు కట్టి హద్దు చూపిస్తాను. అబ్బే, కోపం కాదు. చూసేవాళ్ళకి వింతగానే ఉంటుంది, నాకు తెలీదా? చుట్టూ ఇంత పచ్చగా ఉంటే ఆ ఒక్కటే బోడిగా. మట్టి చూస్తే గుల్లగా ఉంది, కలుపు లేదు, మధ్యలో ఒక గీత తీసి ఉంది, గింజ మాత్రం లేదు. ముసలాడికి మతి పోయిందనుకుంటున్నావు కదూ? నీ మొహంలోనే ఉందిలే. సరే, ఆ గొట్టం పట్టుకుని నీ టమాటాలకి నీళ్ళు పెట్టుకుంటూ విను, నేనిలా స్టూలు మీద కూలబడతాను. జీవితమంతా నిలబడి జనం జుట్టు కత్తిరించిన మోకాళ్ళు ఇవి. ఇప్పుడు కూర్చుంటే లేవవు, లేస్తే కూర్చోవు, ఎడ్డెమంటే తెడ్డెం. ఆఁ, అది ఎవరిదంటే చాలమ్మది.

చాలమ్మ అంటే మేం పెట్టిన పేరులే. అసలు పేరు ఆసుపత్రిలో మంచానికి తగిలించిన అట్ట మీద చూసేదాకా నాకూ తెలీదు, చూశాక కూడా ఇదెవరి పేరో అనిపించింది. ఆవిడ పెట్రోలు బంకులో చేసేది. అప్పట్లో ఆడవాళ్ళు ఆ పని చేయడం తక్కువ. గొట్టం పట్టుకుందంటే చూపు ఎక్కడున్నా చెయ్యి మాత్రం సరిగ్గా నిండే ముందర ఆగిపోయేది, ఒక్క బొట్టు కింద పడనిచ్చేది కాదు. "చాలు" అనేది, మూత బిగించేది, పొమ్మనేది. ఆ మాట అక్కడ అలవాటై ఇంటికి కూడా వచ్చేసింది. టీ పోస్తే చాలు. ఎవరైనా తనని పొగిడితే చాలు. మా సెలూన్లో ఇద్దరు రాజకీయాలు మాట్లాడుకుని కాలర్లు పట్టుకునేదాకా వస్తే, పై మెట్ల మీద నుంచి దిగుతూ గుమ్మంలో నిలబడి ఒక్క "చాలు" అనేది, ఇద్దరూ బడిపిల్లల్లా కూర్చునేవాళ్ళు. ఒకాయనకైతే సగం మీసమే తీశాను ఆ రోజు, ఆ గొడవలో. మిగతా సగం ఆవిడ వెళ్ళాక గానీ తీయలేదు. మొగుడు చిన్నతనంలోనే పోయాడు, పిల్లల్లేరు. నన్ను తమ్ముడూ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. చుట్టరికం ఏం లేదు, మా కొట్టు పై గదిలో ఉండేది, మెట్లు ఒకటే.

ఈ జాగా అప్పుడిలా ఉందనుకున్నావా? అట్టపెట్టెల గిడ్డంగి ఉండేది. అది కాలిపోయింది, గోడలు పడగొట్టి వాళ్ళ దారిన వాళ్ళు పోయారు, రాళ్ళూ రేకులూ మాకొదిలేసి. ఇక చూస్కో, వీధివీధంతా తెచ్చి ఇక్కడే పడేసేవాళ్ళు. విరిగిన కుర్చీలు, పరుపులు, ఒకసారి ఎవరో స్నానాలతొట్టి. అదిగో, నువ్వు పుదీనా కోస్తుంటావే, ఆ తొట్టే. చాలమ్మ పని మానేశాక ఆ పైన కిటికీ దగ్గర కూర్చుని ఈ చెత్తకేసి చూస్తూ ఉండేది రోజంతా. చూసి చూసి ఒకనాడు పొద్దున్నే దిగొచ్చి గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలోకి వచ్చి "ఏం చేస్తున్నావక్కా?" అన్నాను. "నీకు కళ్ళు కనబడవని తెలిస్తే నీ దగ్గరికి గడ్డానికి ఎవరూ రారు తమ్ముడూ" అంది. అంతే, నేనూ దిగాను. ఎదురింటి లెక్కల మాస్టారు వచ్చాడు. వైర్లు లాగే కుర్రాడొకడు ఉండేవాడు, కరెంటబ్బాయి అనేవాళ్ళం, వాడు పలుగు తెచ్చాడు. పక్క సందులో బట్టలు కుట్టే ఆవిడ, దర్జీవదిన, మొదట్లో దుమ్ము లేస్తోందని పోట్లాడ్డానికి వచ్చి, రెండో పూటకి చేతికి గుడ్డ చుట్టుకుని రేకులు మోసింది. నీళ్ళు నా కొట్టు వెనక కుళాయి నుంచే. ఇప్పటికీ అదే కుళాయి.

మొదటి రోజు సంగతి చెప్పాలి నీకు, ఇది వినకపోతే మిగతాది అర్థం కాదు. నేల చదును చేశాక కరెంటబ్బాయి పలుగు పట్టుకుని నిలబడ్డాడు. చాలమ్మ వేలు చూపించి "ఇక్కడో చాలు తియ్యి" అంది. వాడు పలుగు భుజాన వేసుకుని, చేతులు దులుపుకుని, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఏరా, కూర్చున్నావేం?" "చాలన్నావుగా అమ్మా." "చాలు తియ్యమన్నాను." "తీసేశాగా పలుగు." ఆవిడ వాడికేసి చూస్తుంది, వాడు ఆవిడకేసి చూస్తాడు, మాస్టారు ఇద్దరికేసీ చూస్తాడు. మేమంతా పట్నంలో పుట్టి పెరిగిన బాపతు, మాకేం తెలుసు? అప్పుడు చెప్పింది. నాగలి పోతే నేలమీద పడే గీత ఉంటుందే, అది చాలు. వాళ్ళది సేద్యం చేసిన ఇల్లు. ఆవిడ భాషలో గింజ వేసే గీతా చాలే, ఎక్కువైన నీళ్ళు బయటికి పోవడానికి తీసే గీతా చాలే. మేం ఎంత నవ్వామో. అప్పటినుంచి చాలమ్మ అన్న పేరు ఖాయమైపోయింది. ఆవిడ కూడా ఏమీ అనుకోలేదు. "రెండూ ఒకటేరా, ఎక్కడ ఆపాలో తెలిస్తేనే గీత తిన్నగా వస్తుంది" అనేది.

తోట పెరిగింది, దాంతోపాటు తగువులూ పెరిగాయి. మట్టిలో ఏది వేసినా వేయకపోయినా తగువు మాత్రం మొలుస్తుంది కదా. తలా ఒక మడి. మాస్టారు తాడు పెట్టి, సున్నం చల్లి హద్దులు గీశాడు. కరెంటబ్బాయి గుమ్మడి వేశాడు, దానికి మాస్టారి సున్నం గీత ఏం తెలుసు, అది పాకి పోయి ఆయన వంగమొక్క మెడకి చుట్టుకుంది. కాయ ఎవరిది? వేరు నాది అని వీడు, నేల నాది అని ఆయన. ఆ గుమ్మడికాయ చివరికి ఎవరూ కొయ్యక అక్కడే కుళ్ళింది, ఇద్దరూ మాటలు మానేశారు. దర్జీవదినకీ మా ఆవిడకీ నీళ్ళ దగ్గర వచ్చింది. ముందు నేనొచ్చానంటే నేనొచ్చానని. దాంతో వంతులు పెట్టుకున్నాం. ఎవరి మడి వాళ్ళదే, ఎవరి వంతు వాళ్ళదే, ఇంకొకళ్ళ మడిలో వేలు పెట్టకూడదు. పెడితే ఆ మడి కాజేయడానికే అని లెక్క. ఎంత దాకా వచ్చిందంటే, మధ్యలో కంచె వేసుకుందాం, ఎవరి తాళం వాళ్ళకుంటుందని మాస్టారు అంటే ఎవరూ కాదనలేదు. నేనూ అనలేదు. చాలమ్మ ఒక్కతే ఆ మూల కూర్చుని తన చిక్కుడు తీగ సర్దుకుంటూ, ఆ పూట చాలు అని కూడా అనలేదు.

ఆ చిక్కుడు గురించి చెప్పానా? చెప్పలేదు కదూ. మచ్చల చిక్కుడు. గింజ తెల్లగా ఉండి, ఒక పక్క ఊదారంగు మచ్చ, ఎవరో వేలుతో అద్దినట్టు. ఆవిడ పెళ్ళై ఇంట్లోంచి వచ్చేస్తుంటే వాళ్ళమ్మ గుప్పిట్లో పెట్టిందట. తరవాత ఆ నేలా పోయింది, ఆ ఇల్లూ పోయింది, వాళ్ళమ్మా పోయింది. ఆ గింజలే మిగిలాయి. అన్నేళ్ళూ డబ్బాల్లో, విరిగిన బకెట్లలో, బంకు వెనకాల గోడవారన, ఎక్కడ మట్టి దొరికితే అక్కడ వేసి నిలబెట్టుకుంది. సగం నేలకి, సగం సీసాకి. మాత్రల సీసా ఒకటి ఉండేది, అందులో దాచేది. ఎవరికీ ఒక్క గింజ ఇచ్చేది కాదు. కాయలు పెట్టేది, గింజ అడిగితే మాత్రం నవ్వేసేది. దర్జీవదిన "మీ ఆస్తిలో మాకు భాగం లేదా వదినా" అని ఏడిపిస్తుండేది. అలాంటి మనిషి, ఆ కంచె మాట వచ్చిన మర్నాడు, సీసా తెచ్చి మా అందరి ముందూ బోర్లించింది. ఈసారి సగం లేదు, అన్నీ వేసేస్తున్నాను అంది. పండాక గింజలు అందరికీ పంచుతుందట, అందరి మడుల్లోనూ ఇదే పాకాలట. "ఒకటే తీగైతే ఎవడిది ఎవడి మీదకి పాకిందని ఎవడూ పోట్లాడలేడు. అందాకా కంచె ఆపండి" అంది. మా ఆవిడ "సీసాలో కొన్ని ఉంచుకోండి" అంటే, "ఉంచుకుంటే మిమ్మల్ని నమ్మనట్టు కదమ్మా" అంది. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది.

నువ్వు ఇలా జరిగి నీడలోకి రా, ఎండ మొహాన కొడుతోంది. ఆఁ. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి. రెండేసి ఆకులు వేసి, తీగ సాగడానికి పుల్ల వెతుక్కునే అదనులో ఉన్నాయి. ఆ వారంలోనే పడిపోయింది. కుళాయి దగ్గర. నేను గడ్డం గీస్తున్నాను ఎవరికో, బకెట్టు దొర్లిన చప్పుడైంది, వెళ్ళి చూస్తే అక్క నేలమీద ఉంది, నీళ్ళు పోతూనే ఉన్నాయి. కుడిపక్క చచ్చుబడిపోయింది. మాట పోయింది. పోయిందంటే పూర్తిగా పోలేదు, ఒక్క మాట మిగిలింది. అలా ఒక్కోసారి జరుగుతుందట, డాక్టరు చెప్పింది, అన్ని మాటలూ పోయి బాగా వాడిన మాట ఒకటి నాలుక మీద ఉండిపోతుందట. ఏ మాటో చెప్పక్కర్లేదుగా. నీళ్ళిమ్మన్నా చాలే, దుప్పటి కప్పమన్నా చాలే. కళ్ళు మాత్రం అన్నీ మాట్లాడేవి, చదవడం మాకు రాలేదు.

ఇక ఇక్కడ జరిగింది విను. మొలకలకి నీళ్ళెవరు పోస్తారు? అది అందరం కూర్చుని అనుకోవాల్సిన మాట. కానీ కూర్చునే మొహాలేవీ? కరెంటబ్బాయి మాస్టారితో మాట్లాడడు, మా ఆవిడ దర్జీవదినతో మాట్లాడదు. పైగా ఇంకొకళ్ళ మడిలో చెయ్యి పెడితే మూల మడి మీద కన్నేశారంటారు. అందుకని ఎవరికి వారు, ఎవరూ చూడకుండా, పాపం ఆవిడ మొలకలు ఎండిపోతాయని. కరెంటబ్బాయి పనికి పోతూ పోతూ ఒక బకెట్టు. మాస్టారు బడినుంచి వస్తూ ఒకటి. మధ్యాహ్నం వీధి సద్దుమణిగాక దర్జీవదిన. కొట్లో బేరం లేనప్పుడు నేను. నేను పోశానని తెలీక మా ఆవిడ. ఎవరికి వాళ్ళం, నేనొక్కణ్ణే చూస్తున్నాను, లేకపోతే ఏమైపోయేవో అనుకున్నాం. ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. చూశావా, దాహం, చాలట్లేదు అనుకుని ఇంకాస్త పోశాం. నీళ్ళు తక్కువైనా ఆకు పసుపే, ఎక్కువైనా పసుపే. అది మాకెవరు చెప్తారు? చెప్పే మనిషి మంచం మీద ఉంది.

చెప్పింది కూడానమ్మా. అదే బాధ. ఒక్కొక్కళ్ళం ఆసుపత్రికి వెళ్ళి, గదిలో ఎవరూ లేకుండా చూసుకుని, ఆవిడ చెవిలో చెప్పాం. "మీ మొలకల గురించి బెంగపెట్టుకోకండి, నేను పోస్తున్నాను, ఎవరితో అనకండి." పొద్దున ఒకళ్ళు, సాయంత్రం ఒకళ్ళు. ఆవిడ ఏమంటుంది? "చాలు" అంటుంది. "చాలు, చాలు, చాలు." బాగున్న చెయ్యితో మంచం మీద కొట్టేది. మాస్టారు బయటికి వచ్చి గోడకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత మంచి మనిషి, నేను చేసేదానికి ఇదే చాలంటోంది, అనుకున్నాడట. ఆ సాయంత్రం ఇంకో బకెట్టు ఎక్కువ పోశాడు. అందరం అంతే. నా మణికట్టు పట్టుకుంది ఒకరోజు. గట్టిగా. చూపుడువేలుతో దుప్పటి మీద అటునుంచి ఇటు ఒక గీత గీసింది. మళ్ళీ గీసింది. నేనేం చేశానో తెలుసా? దుప్పటి ముడత పడిందనుకుని లాగి సర్దాను. మంగలివాణ్ణి కదా, ఎవరి ఒంటిమీద గుడ్డ చూసినా సర్దేస్తాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. హాయిగా ఉందనుకుని వచ్చేశాను.

ఒక సెలవురోజు పొద్దున్న. కరెంటబ్బాయికి పనిలేదు, మాస్టారికి బడి లేదు, నా కొట్టు ఇంకా తెరవలేదు. బకెట్టు పట్టుకుని నేను ఆ మూలకి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ అక్కడ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు, ఇద్దరి చేతుల్లోనూ నీళ్ళే. నా వెనకే మా ఆవిడ చెంబుతో. సందులోంచి దర్జీవదిన బిందెతో. ఒకళ్ళ బకెట్టుకేసి ఒకళ్ళం చూసుకున్నాం. మాస్టారు లెక్క వెయ్యడం మొదలుపెట్టాడు, పెదాలు కదులుతున్నాయి, మధ్యలో ఆపేశాడు. అంతటి లెక్కల మనిషి. కరెంటబ్బాయి కూర్చుని ఒక మొక్క పట్టుకుంటే అది చేతిలోకి వచ్చేసింది, కింద వేరు లేదు, తడిసి చీకిన దారం ముక్కలా ఉంది. రెండోదీ అంతే. అన్నీ అంతే. వాడు వాటిని మళ్ళీ గుచ్చడానికి చూస్తున్నాడు, బురదలో, పెద్దవాడై ఉండి. తిలా పాపం తలా పిడికెడు అంటారే, మాది తలా బకెట్టెడు.

అప్పుడు వెలిగింది నాకు, ఆ దుప్పటి మీద గీత. "చాలు తియ్యమందిరా" అన్నాను. "నీళ్ళు పోవడానికి చాలు తియ్యమంది." ఎవరి పలుగు దొరికితే వాళ్ళు పట్టుకుని మడి మధ్యనుంచి ఆ గోడదాకా తవ్వాం, హద్దులేవో సున్నమేదో చూడలేదు, మాస్టారి వంగమొక్కల్లోంచే తవ్వాం, ఆయనే ముందు తవ్వాడు. నీళ్ళు పోయాయి. ఎంతసేపు పోయాయో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

అలాగే అందరం ఆసుపత్రికి వెళ్ళాం, కలిసి వెళ్ళడం అదే మొదలు. దారిలో ఏం చెప్పాలో అనుకున్నాం, బాగా పెరుగుతున్నాయని చెబుదాం అంది దర్జీవదిన. సరే అన్నాం. గదిలోకి వెళ్ళి మంచం చుట్టూ నిలబడ్డాం. ఆవిడ మా మొహాలు చూడలేదు. చేతులు చూసింది. ఒక్కొక్కళ్ళవీ, మోచేతులదాకా బురద, గోళ్ళల్లో బురద. నా చేతులు చూసింది, మా ఆవిడవి చూసింది, పక్కనే ఆనుకుని నిలబడ్డ దర్జీవదినవి చూసింది. అన్నీ తెలిసిపోయాయి. చెప్పాల్సింది మిగల్లేదు. కరెంటబ్బాయి ఏడుపు ఆపుకోలేక మాస్టారి భుజం మీద మొహం పెట్టేశాడు, ఆయన వాడి తల నిమురుతున్నాడు. అప్పుడంది, "చాలు." ముందటిలా కాదు, మెల్లగా. ఏ చాలో అది. మొక్కలు పోయాయి, ఇక చాలు అందో. మీరు కలిసొచ్చారు, నాకిది చాలు అందో. లేకపోతే చాలు తీశారా అని అడిగిందో. ఇన్నేళ్ళూ ఆలోచించాను. ఒక్కో ఏడు ఒక్కోలా అనిపిస్తుంది. అడుగుదామంటే ఆ వారం దాటలేదు మనిషి.

పైన ఆవిడ గది సర్దేటప్పుడు మాత్రల సీసా దొరికింది. దర్జీవదిన బోర్లించి అరచేతిలో కొట్టింది, ఆవిడ బంకులో వేసుకునే కోట్ల జేబులు తిప్పి చూసింది, కుట్లు కూడా విప్పి చూసింది. లేవమ్మా. చెప్పింది కదా, అన్నీ వేసేస్తున్నానని. ఆ తరవాత ఎక్కడెక్కడి విత్తనాల కొట్లలోనో అడిగాం, మాస్టారైతే ఎక్కడికి వెళ్ళినా అదే పని. చిక్కుళ్ళు బోలెడు, ఆ మచ్చ మాత్రం లేదు. వాళ్ళమ్మ గుప్పిట్లోంచి మా బకెట్ల దాకా వచ్చింది ఆ గింజ, ఇక్కడ ఆగిపోయింది. మా తగువు తీరడానికని వేసింది. తీరిందిలే తగువు. కంచె మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కానీ అంత ఖరీదా?

అందుకే ఆ మడిలో ఎవరం ఏమీ వెయ్యం. ఏటా ఆ అదనుకి మట్టి గుల్లచేసి ఒక చాలు తీస్తాం, అంతే, అలా వదిలేస్తాం. మొదట్లో అందరం కలిసి తీసేవాళ్ళం. మాస్టారు పోయాడు. దర్జీవదిన పోయింది. కరెంటబ్బాయి, వాడు నాకంటే ఎంత చిన్నవాడు, వాడూ పోయాడు. మా ఆవిడ సంగతి నీకు తెలుసుగా. ఈ ఏడాది నేనొక్కణ్ణే తీశాను, చూశావుగా ఎంత వంకరగా వచ్చిందో, మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుని కూర్చుని తీస్తే అలాగే వస్తుంది మరి. అక్క చూస్తే ఏమనేదో. వచ్చే ఏడు...

అయ్యో, నీ టమాటాల మొదట్లో చూడు, మడుగు కట్టేసింది. చాలు తల్లీ. కుళాయి కట్టెయ్.